పొడి జుట్టుకు రాత్రి పూట తేమ: ఏది, ఎంత, ఏ వరసలో

జుట్టు పొడిబారిందంటే మన ఇళ్లలో మొదట వినిపించే మాట "నూనె పెట్టు" అనే. గిన్నెడు నూనె పట్టించి, బిగించి జడేసుకుని పడుకుంటారు. పొద్దున షాంపూతో రెండుసార్లు రుద్ది కడుగుతారు. సాయంత్రానికి మళ్లీ అదే బిరుసు. ఇందులో నూనె తప్పేం లేదు. నూనెలో నీరుండదు కాబట్టి అది తేమ ఇవ్వలేదు, ఉన్న తేమను పోనివ్వకుండా ఆపగలదు. వెంట్రుకకు తేమ నీటి నుంచే రావాలి. ఆ నీటిని కాసేపు పట్టి ఉంచే జిగురు ఒకటి కావాలి. పైన పలచగా నూనె పూత ఉండాలి. ఇవి తారుమారైతే ఎంత ఖరీదైన నూనె కొన్నా ఫలితం కనిపించదు.

నీరు ఎక్కువైనా చేటే. తడిసిన వెంట్రుక ఉబ్బుతుంది, ఆరాక ముడుచుకుంటుంది. ఇది మాటిమాటికీ జరిగితే పైనున్న సన్నని పొలుసులు లేచిపోయి జుట్టు గరుకుగా తగులుతుంది. పైగా తడి మీద వెంట్రుక సాగుతుంది, చిన్న ఒరిపిడికే తెగుతుంది. అందుకే రాత్రి తలస్నానం చేసి, నీళ్లు కారుతున్న జుట్టుతో పడుకోవడం తేమ పట్టించడం కిందికి రాదు. చేత్తో ముట్టుకుంటే చల్లగా తగలాలి, పిండితే చుక్క రాకూడదు. రాత్రికి ఆ మాత్రం తడి చాలు.

మీ జుట్టు ఎలాంటిదో ముందు తేల్చుకోండి

గ్లాసు నీళ్లలో వెంట్రుక వేసి మునిగిందా, తేలిందా అని చూసే పరీక్షను నమ్మొద్దు. వెంట్రుకకు కాస్త నూనె అంటుకుని ఉన్నా తేలుతుంది. దానికంటే, తలస్నానం చేసి నూనె పెట్టని రోజున ఒక పాయ తీసుకుని స్ప్రే బాటిల్‌తో రెండుసార్లు నీళ్లు కొట్టి చూడండి. నీళ్లు ముత్యాల్లా పైనే నిలిస్తే మీ వెంట్రుకల పొలుసులు గట్టిగా మూసుకుని ఉన్నాయని. ఇలాంటి జుట్టు తడవడానికీ ఆరడానికీ చాలాసేపు పడుతుంది. నూనె ఎక్కువైతే పీల్చుకోదు, జిడ్డుగా పైనే ఉండిపోతుంది. అలా కాకుండా నీళ్లు పడీ పడగానే ఇంకిపోతే పొలుసులు తెరుచుకుని ఉన్నట్టు. రంగు వేయించుకున్న జుట్టు, స్ట్రెయిటెనింగ్ చేయించుకున్న జుట్టు, ఏళ్ల తరబడి ఎండకు తిరిగిన పొడవాటి జుట్టు చివర్లు ఎక్కువగా ఈ రెండో రకం. అది తేమను ఎంత త్వరగా తాగుతుందో అంత త్వరగా పోగొట్టుకుంటుంది.

ఒకే తలలో రెండూ ఉండొచ్చు. కుదుళ్ల దగ్గర మొదటి రకం, చెవుల కింది నుంచి రెండో రకం ఉండటం మామూలే. తలంతా ఒకే లెక్కన పట్టించకూడదనేది ఇందుకే.

తలంటుకు ముందు రాత్రి, వారం మధ్య రాత్రి

ఈ రెండు రాత్రుల పని ఒకటి కాదు. చాలామంది రెంటినీ కలిపేస్తారు.

తలంటుకు ముందు రాత్రి చేసే పని రక్షణ. పొద్దున జుట్టు నీళ్లలో నానుతుంది, షాంపూ తగులుతుంది. ఆ దెబ్బ తగ్గించడమే ఉద్దేశం. దీనికి కొబ్బరినూనెను మించింది లేదు. అందులో సగానికి దగ్గరగా ఉండే లారిక్ ఆమ్లం చిన్న, తిన్నని అణువు. అది వెంట్రుక లోపలికి చొరబడుతుంది. కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ పోల్చి 2003లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, కడిగేటప్పుడు వెంట్రుక నుంచి పోయే ప్రోటీన్‌ను తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. లోపలికి చేరిన నూనె నీటిని మితిమీరి రానివ్వదు, దాంతో ఉబ్బడం తగ్గుతుంది. ఈ రాత్రి నూనెను పొడి జుట్టుకే పెట్టాలి. తడి మీద పెడితే నీరు ముందే చోటు ఆక్రమించుకుని ఉంటుంది.

కొలత: భుజాల దాకా జుట్టుకు 2 చిన్న చెంచాలు, అంటే సుమారు 10 మిల్లీలీటర్లు. నడుము దాకా ఉంటే 4 చెంచాలు. మరీ ఒత్తైన జుట్టుకు ఇంకొకటి. అంతకు మించి పెట్టిన నూనె దిండుకూ, మర్నాడు అదనపు షాంపూకే పోతుంది. ఆ అదనపు షాంపూతోనే జుట్టు మళ్లీ ఎండిపోతుంది.

కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది. చలికాలంలో సీసాను నేరుగా పొయ్యి దగ్గర పెట్టకండి. కావలసినంత నూనె చిన్న స్టీలు గిన్నెలోకి తీసి, ఆ గిన్నెను వేడినీళ్ల గిన్నెలో 2 నిమిషాలు ఉంచితే చాలు. మణికట్టు మీద చుక్క వేస్తే గోరువెచ్చగా తగలాలి. ముందు పెద్ద పళ్ల దువ్వెనతో చివర్ల నుంచి పైకి చిక్కు తీయండి. జుట్టును నాలుగు పాయలు చేసి, నూనెలో పావు వంతు మాత్రమే మాడుకు, మునివేళ్లతో. అరచేతులతో గబగబా రుద్దితే రక్తప్రసరణ సంగతేమో గానీ చిక్కు మాత్రం పడుతుంది. మిగతా ముప్పావు వంతు చెవుల కింది నుంచి చివర్ల దాకా, పాయను రెండు అరచేతుల మధ్య నొక్కి కిందికి జార్చుతూ పట్టించాలి. చివరి రెండంగుళాలకు మరోసారి పెట్టండి. అవి తలమీద మిగతా జుట్టుకంటే కొన్నేళ్లు పాతవి.

నువ్వుల నూనె అలవాటున్నవాళ్లు సగం నువ్వుల నూనె, సగం కొబ్బరినూనె కలుపుకోవచ్చు. ఆముదం దగ్గర మాత్రం జాగ్రత్త. అది బాగా చిక్కన. నాలుగు వంతుల కొబ్బరినూనెకు ఒక వంతు దాటొద్దు, పొడవాటి జుట్టుకు అదీ చివర్లకే. పొడవాటి జుట్టుకు ఆముదం, కొబ్బరినూనె కలిపి పట్టించి తలస్నానం చేయగానే జుట్టంతా విడదీయలేనంత గట్టి ముద్దగా చుట్టుకుపోయి, చివరికి కత్తిరించాల్సి వచ్చిన ఉదంతం మన దేశపు వైద్య పత్రికలోనే నమోదై ఉంది. అరుదే, కానీ ఒక్కసారి అయితే మళ్లీ దారికి రాదు.

వారం మధ్య రాత్రి సంగతి వేరు. మర్నాడు తలంటు లేదు, జుట్టు పొద్దున బయటికి వెళ్లేలా ఉండాలి. ఆ రాత్రికి కావలసినవి నీరు, జిగురు, చుక్కల్లో నూనె. పడుకోవడానికి కనీసం ముప్పావు గంట ముందు మొదలుపెట్టండి. స్ప్రే బాటిల్‌తో చెవుల కింది భాగానికే పన్నెండు పదిహేనుసార్లు నీళ్లు కొట్టండి, మాడు తడపొద్దు. నడుము దాకా జుట్టుకు ఒకటిన్నర టేబుల్ స్పూన్ల కలబంద గుజ్జు గానీ అవిసె గింజల జెల్ గానీ పాయలు పాయలుగా పట్టించండి. పది నిమిషాలాగి, అరచేతిలో 5 లేక 6 చుక్కల కొబ్బరినూనె పులిమి చివర్లకు అద్దండి. పడుకునేసరికి జుట్టు దాదాపు ఆరి ఉండాలి. ఆరకపోతే నీళ్లు ఎక్కువ కొట్టినట్టు, మరోసారి తగ్గించుకోవాలి.

కలబంద, అవిసె గింజలు

పెరటి కలబందను కోసిన వెంటనే పెట్టుకునేవాళ్లకు దురద రావడం మామూలు. కారణం గుజ్జు కాదు, తొక్క కిందుండే పసుపు పచ్చని సొన. మట్టను మొదలు దగ్గర కోసి, కోసిన వైపు కిందికి ఉండేలా గ్లాసులో పావుగంట నిలబెడితే సొన కారిపోతుంది. తర్వాత కడిగి, రెండు పక్కల ముళ్ల అంచులు తీసేసి, పైతొక్క చెక్కి, లోపలి గాజులాంటి ముక్కను ఇంకోసారి నీళ్లతో కడగాలి. మిక్సీలో తిప్పాక తప్పకుండా వడకట్టాలి. లేకపోతే చిన్న ముక్కలు జుట్టులో ఎండి పొద్దున చుండ్రులా రాలతాయి. ఫ్రిజ్‌లో మూడు రోజులకు మించి ఉంచొద్దు, గులాబీ రంగు తిరిగితే పారేయాలి. బజార్లో దొరికే ఆకుపచ్చ జెల్ కొంటే వెనకున్న పదార్థాల జాబితా చదవండి. మొదటి మూడింటిలో ఆల్కహాల్ ఉంటే జుట్టుకు వద్దు.

అవిసె గింజల జెల్ చేయడం చూడ్డానికి తేలికే. కుదరకపోవడం మాత్రం చాలావరకు ఒక్కచోటే, దింపే అదను తప్పడంలో. పావు కప్పు గింజలకు 2 కప్పుల నీళ్లు, మందపాటి అడుగున్న గిన్నె. మధ్య మంట మీద పెట్టి కలుపుతూ ఉండాలి, వదిలేస్తే గింజలు అడుగంటుతాయి. మరుగు మొదలయ్యాక మంట తగ్గించండి. ఐదు నిమిషాలకు నీళ్ల మీద తెల్లని నురగ వస్తుంది. ఆరేడు నిమిషాలకు గరిటె పైకెత్తి చూస్తే చుక్కలు పడటం మాని సన్నని తీగ సాగుతుంది. అప్పుడే దింపాలి. ఇంకో రెండు నిమిషాలు ఉంచుదామనుకుంటే చల్లారేసరికి గింజలనూ జెల్‌నూ విడదీయడం ఎవరివల్లా కాదు. వేడిగా ఉండగానే పలచని మల్లు గుడ్డలో గానీ స్టీలు జల్లెడలో గానీ పోయండి, చేతులు కాలకుండా గరిటెతో నొక్కండి. చల్లారాక ఇంకాస్త చిక్కబడుతుంది కాబట్టి వేడిమీద పలచగా కనిపించినా కంగారు అక్కర్లేదు. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. ఐస్ ట్రేలో గడ్డకట్టించి పెట్టుకుంటే ఒక్కో రాత్రికి రెండు ముక్కలు కరిగించుకోవచ్చు. జిగురు పోయి నీళ్లలా జారినా, పులిసిన వాసన వచ్చినా పాడైనట్టే. ఉంగరాల జుట్టుకు ఇది కలబందకంటే బాగా పనిచేస్తుంది, పాయలను విడగొట్టకుండా పట్టి ఉంచుతుంది.

అవిసె గింజలు లేకపోతే ఆరేడు లేత బెండకాయలు చక్రాలుగా తరిగి 2 కప్పుల నీళ్లలో పది నిమిషాలు ఉడికించినా అలాంటి జిగురే వస్తుంది, కాకపోతే రెండు రోజులే నిలుస్తుంది.

గ్లిజరిన్ మందుల షాపులో తక్కువ ధరకే దొరుకుతుంది. దాన్ని నేరుగా పెట్టొద్దు. పావు లీటరు నీళ్లకు 1 టేబుల్ స్పూన్, అంతే. గాలిలో తేమ మధ్యస్తంగా ఉన్న రోజుల్లో చక్కగా పనిచేస్తుంది. విశాఖలో, కాకినాడలో వానాకాలం పెడితే గాలిలోని తేమనంతా లాగి జుట్టు బంకబంకగా, ఉబ్బుగా తయారవుతుంది. డిసెంబరు, జనవరిలో హైదరాబాదులోనో అనంతపురంలోనో గాలి పొడిగా ఉన్నప్పుడు పైన నూనె పూత లేకుండా పెడితే లాభం కంటే నష్టమే ఎక్కువ. అమెరికా, కెనడాల్లో చలికాలం హీటర్ల మధ్య పడుకునే మనవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. అక్కడ గ్లిజరిన్ మానేసి జెల్ మీద నూనె నాలుగు చుక్కలు పెంచడం మేలు.

రాత్రంతా ఉంచకూడనివి

మెంతులు, మందార ఆకు మంచివే, రాత్రంతా మాత్రం వద్దు. 2 టేబుల్ స్పూన్ల మెంతులు రాత్రి నానేసి, పొద్దున మెత్తగా రుబ్బి, గుడ్డలో పిండి ఆ జిగురు మాత్రం అరగంట పెట్టుకుంటే చాలు. ముద్దగా పట్టించి ఎండనిస్తే పలుకులు జుట్టుకు అతుక్కుని, కడిగేటప్పుడు వెంట్రుకలతో సహా ఊడొస్తాయి. వేరుశనగ అంటే అలర్జీ ఉన్నవాళ్లలో కొందరికి మెంతులూ పడవు. వాళ్లు దీని జోలికి వెళ్లకపోవడమే మంచిది. మందార ఆకులు పది పన్నెండు తీసుకుని నీళ్లలో చేత్తో నలిపితే వచ్చే జిగురునే వాడండి. రుబ్బితే ఆకుపచ్చ పిప్పి జుట్టులో చిక్కుకుంటుంది.

గుడ్డు, పెరుగు గంట లోపు కడిగేయాలి. పచ్చి గుడ్డును రాత్రంతా తలకుంచుకుంటే వాసనతో పాటు సూక్ష్మజీవులూ పెరుగుతాయి. వేడినీళ్లు పోస్తే ఉడికి, తెల్లని తునకలుగా జుట్టుకు పట్టుకుంటుంది. నిమ్మరసం మాడును మండిస్తుంది, అది సరిగా పోకుండా ఎండలోకి వెళితే చర్మం మీద నల్లని మచ్చలు పడొచ్చు. గంజి ఆరితే పిండి పూత కట్టి జుట్టు బిరుసెక్కుతుంది. తలంటులో పావుగంట చాలు దానికి. గోరింటాకు పెట్టిన జుట్టు ముందే పొడిగా ఉంటుంది కాబట్టి అది పెట్టిన మర్నాటి రాత్రి కొబ్బరినూనె తప్పనిసరి.

కొత్తది ఏదైనా ముందు మోచేతి మడతలో రాసి ఒక రోజు చూడండి.

జడ, దిండు, గుడ్డ

నూలు దిండు గలీబు రాత్రంతా జుట్టులో పెట్టినదాన్ని పీల్చుకుంటుంది, పక్కకు తిరిగినప్పుడల్లా ఒరుసుకుంటుంది. శాటిన్ గలీబు గానీ పట్టు గుడ్డ గానీ ఉంటే సగం పని అయినట్టే. కొనక్కర్లేదు. కట్టడం మానేసిన పాత పట్టుచీర మధ్య భాగంలో, జరీ లేనిచోట, మీటరు ముక్క తీసుకుంటే తలకు చుట్టుకోవడానికి సరిపోతుంది. జరీ బుటాలు ఉన్న ముక్క పనికిరాదు, వెంట్రుకలు పట్టుకుని తెగుతాయి. జడ వదులుగా, మెడ దగ్గర మొదలుపెట్టి, చివర గుడ్డ చుట్టిన రబ్బరుతో కట్టాలి. నుదుటి దగ్గర లాగినట్టుంటే బిగుతైనట్టే. ప్లాస్టిక్ షవర్ క్యాప్ పెట్టుకుని రాత్రంతా పడుకోవద్దు. మాడు చెమటపట్టి దురద, వాసన మొదలవుతాయి. అరగంట వరకైతే ఫర్వాలేదు. ఏసీ గాలి, ఫ్యాను నేరుగా తలకు కొట్టకుండా మంచం తిప్పుకున్నా తేడా తెలుస్తుంది.

పొద్దున కడగడం

రాత్రి చేసిందంతా ఇక్కడే పోగొట్టుకుంటారు. నూనె తలమీద నేరుగా నీళ్లు పోసి, షాంపూ రెండు మూడుసార్లు రుద్దడం వద్దు. నీళ్లు పోయకముందే నూనె ఉన్న జుట్టు పొడవుకు కండిషనర్ పట్టించి ఐదు నిమిషాలుంచండి. అది నూనెను నీళ్లలో కలిసేలా విడగొడుతుంది. తర్వాత ఒక చెంచా షాంపూను మగ్గు నీళ్లలో కలిపి మాడుకే పోసి రుద్దండి. పొడవుకు ఆ కారే నురగ చాలు. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, అంతకు మించొద్దు.

కుంకుడుకాయలతో తలంటుకునేవాళ్లు నడుము దాకా జుట్టుకు ఎనిమిది పది కాయలు చితక్కొట్టి, గింజలు తీసేసి, 2 గ్లాసుల వేడినీళ్లలో రాత్రే నానేసుకోవాలి. పొద్దున పిసికి గుడ్డలో వడకట్టాలి. కుంకుడు ఒక్కటే వాడితే పొడి జుట్టుకు కఠినమే, ఉన్న జిడ్డంతా లాగేస్తుంది. ఆ రసంలో మందార ఆకు జిగురు గానీ పలచని గంజి గానీ సగానికి సగం కలిపే పాత పద్ధతి ఇందుకే. కళ్లలో పడకుండా తల వెనక్కి వంచండి.

బోరు నీళ్ల ఊళ్లలో ఇంకో చిక్కుంది. గీజరు రాడ్డు మీద తెల్లగా పేరుకునేది జుట్టుమీదా పేరుకుంటుంది, దాంతో ఎంత తేమ పెట్టినా చేతికి గరుకే. తలంటు చివర పోసే మగ్గుల వరకైనా తాగే నీళ్లు వాడండి. లేదంటే నీళ్లు మరగకాచి, చల్లార్చి, అడుగున సున్నం పేరుకున్నాక పైతేట మాత్రం తీసుకోండి. లీటరు నీళ్లకు 1 టేబుల్ స్పూన్ వెనిగర్ కలిపి చివర్లో పోసి, నిమిషం తర్వాత మామూలు నీళ్లు పోసినా పొలుసులు అణుగుతాయి. వారానికోసారికి మించి అక్కర్లేదు. వంటసోడా మాత్రం తలకు వద్దు. దాని క్షారానికి పొలుసులు ఇంకా లేస్తాయి.

తుడిచేటప్పుడు టర్కీ టవలుతో దులపకండి. పాత నూలు పంచెతో గానీ టీషర్టుతో గానీ పాయలు నొక్కితే నీళ్లు దిగిపోతాయి.

తేడా వస్తే

పొద్దున తెల్లని పొట్టు రాలుతోందా? అది చుండ్రు కాకపోవచ్చు. జెల్ ఎక్కువై ఎండినా, జెల్ ఆరకముందే నూనె రుద్దినా అలాగే రాలుతుంది. జెల్ సగానికి తగ్గించి చూడండి. మాడు ఎర్రబడి, దురదతో పసుపు పచ్చని జిడ్డు పొట్టు వస్తుంటే అది నిజమైన చుండ్రే. దానికి కారణమైన ఫంగస్‌కు నూనెల్లోని కొవ్వు ఆమ్లాలే ఆహారం. అలాంటివాళ్లు రాత్రి పూట మాడుకు నూనె పూర్తిగా మానేసి, చివర్లకే పెట్టుకోవాలి. మెడికల్ షాంపూతో రెండు మూడు వారాల్లో తగ్గకపోతే చర్మ వైద్యులకు చూపించాలి. నుదుటి మీద, వీపు మీద మొటిమలు మొదలైతే నూనె అక్కడికి జారుతోందని అర్థం. మాడుకు మానేసి, జడను గుడ్డలో చుట్టి, గలీబు రెండు రోజులకోసారి మార్చండి.

జుట్టు మెత్తగా ఉండి, తడిమీద రబ్బరులా సాగి తెగుతుంటే తేమ ఎక్కువైనట్టు. వారం మధ్య రాత్రులు పది రోజులు ఆపి, తలంటు ముందు నూనె మాత్రమే కొనసాగించండి. అలా కాకుండా గట్టిగా, పుల్లలా ఫట్‌మని విరుగుతుంటే తేమ చాలట్లేదు. జెల్ రాత్రులను వారానికి రెండు చేయండి. చిట్లిన చివర్లకు ఏ నూనె పెట్టినా అతుక్కోవు. రెండు మూడు నెలలకోసారి అర అంగుళం కత్తిరించకపోతే ఆ చీలిక పైకి పాకుతుంది.